సీటొచ్చే చాన్స్ ఎంత? ర్యాంకు కన్నా ముందే తేలిపోయే లెక్కలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం. దేవరకొండ వైపు నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని నల్లగొండలో మా ఇంటికి వచ్చారు. అమ్మాయి మార్కుల మెమో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. దాంతో పాటే మడతలు పడ్డ రెండు పాంప్లెట్లు ఉన్నాయి. ఒకటి హైదరాబాద్ కాలేజీది, ఇంకోటి విజయవాడ కాలేజీది. రెండింటికీ హాస్టల్ ఉంది, రెండింటి మీదా స్పెషల్ బ్యాచ్ అని పెద్దక్షరాలతో రాసి ఉంది. ఫీజు మాత్రం విజయవాడలో కొంచెం తక్కువ.

"సార్, మా బిడ్డకు వరంగల్ ఎన్ఐటీల సీటు వస్తదా? లేకుంటే డాక్టర్ చదివించాల్నా? చాన్స్ ఎంత ఉంటదో చెప్పుండ్రి" అని అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. ఈ ప్రశ్న ఏటా వింటాను. ఆయన మెమో నా చేతికిచ్చి, నేను మార్కులు చూసి ఏమంటానా అని ఎదురుచూస్తున్నారు. నా కళ్లు మాత్రం పాంప్లెట్ల మీదున్న అడ్రసుల దగ్గర ఆగిపోయాయి. ఆ అడ్రసు వాళ్లమ్మాయి చాన్సును ఎంత మార్చేస్తుందో ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పాలమూరు, నల్లగొండ వైపు, ముఖ్యంగా సరిహద్దు మండలాల్లో, చాలామందికి ఇది కౌన్సెలింగ్ దాకా వెళ్లాక గానీ తెలియదు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

అడ్రసు సంగతి అర్థం కావాలంటే ముందు కొన్ని చిన్న లెక్కలు తేలాలి. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒకే అమ్మాయికి మూడు రకాల చాన్సులు

ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కోసం మొదట రాసే పరీక్ష జేఈఈ మెయిన్. 2025లో అది రాసినవాళ్లు సుమారు 14.75 లక్షల మంది. ఆ ఏడాది ఐఐటీల్లో ఉన్న సీట్లు 18,160. భాగించి చూస్తే వందకు 1.2 వస్తుంది. పేపర్లలో, టీవీల్లో కనిపించే "వందలో ఒక్కరికే సీటు" అన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది.

కానీ మెయిన్ రాసిన అందరూ ఐఐటీ లైన్లో నిలబడరు. వాళ్లలో మొదటి రెండున్నర లక్షల మందికే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే అర్హత వస్తుంది. 2025లో రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,422 మంది. వాళ్లతో భాగిస్తే అవే సీట్లకు చాన్సు పది శాతం అవుతుంది. అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై అయి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లు 54,378 మంది. వాళ్లతో భాగిస్తే ముప్పై మూడు శాతం.

ఒకటి, పది, ముప్పై మూడు. మూడు లెక్కలూ తప్పు కాదు. ప్రతిదీ వేరే గుంపు గురించి చెబుతోంది, అంతే. పదో తరగతి పాసైన అమ్మాయి ఇవాళ ఏ గుంపులో ఉందో ఎవరికీ తెలియదు. రెండేళ్లు చదివాక, పరీక్షలు ఒక్కొక్కటే దాటుతున్నకొద్దీ ఆ అమ్మాయి చాన్సు మారుతూ పోతుంది. అందుకే పదో తరగతి మెమో చూసి "నీకు నలభై శాతం చాన్సు" అని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఆ వయసులో చెప్పగలిగింది ఏ లైన్లో నిలబడబోతోంది అన్నదే. ఆ లైన్ సంగతి ఇప్పుడే తెలిసిపోతుంది కూడా.

పర్సంటైల్ అంటే పర్సంటేజీ కాదు

జేఈఈ మెయిన్ మొత్తం 300 మార్కులకు. 75 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. పరీక్ష జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, చాలా షిఫ్టుల్లో జరుగుతుంది. ఒక షిఫ్టు పేపర్ కష్టంగా, ఇంకోటి తేలికగా రావచ్చు. అందుకని మార్కుల్ని నేరుగా పోల్చరు. మీ షిఫ్టులో మీకన్నా తక్కువో, మీతో సమానంగానో మార్కులు వచ్చినవాళ్లు వందకు ఎంతమంది ఉన్నారో చూస్తారు. అదే పర్సంటైల్. రెండుసార్లు రాస్తే మెరుగైన స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు.

కాబట్టి 93 పర్సంటైల్ అంటే 93 శాతం మార్కులు కాదు. వందమందిలో 93 మంది మీతో సమానంగానో మీ కిందో ఉన్నారని. 93 అని వినగానే ఇంట్లో స్వీట్లు పంచిన కుటుంబాలు నాకు తెలుసు. ర్యాంకు వచ్చాక ఆ ఇళ్లలోనే రెండు రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. పర్సంటైల్‌ను ర్యాంకుగా మార్చుకోవడం తెలిసి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

ఆ లెక్క తేలికే. వందలోంచి పర్సంటైల్ తీసేసి, మిగిలిన శాతాన్ని రాసినవాళ్ల సంఖ్యతో గుణిస్తే సుమారు ర్యాంకు వస్తుంది. 14.75 లక్షల మంది రాశారనుకుంటే 98 పర్సంటైల్‌కి ర్యాంకు 29,500 దగ్గర ఉంటుంది. 99కి 14,750. 99.5కి 7,375. 99 నుంచి 99.5కి, ఆ అర పాయింటుకే ర్యాంకు అంకె సగానికి సగం తగ్గింది చూడండి. ఎక్కువమంది కోరే కాలేజీల్లో, బ్రాంచీల్లో పోటీ అంతా ఈ చివరి ఒక్క పాయింటులోనే జరుగుతుంది.

కటాఫ్ అనే మాట రెండు అర్థాల్లో తిరుగుతోంది

2025లో జనరల్ వాళ్లకు జేఈఈ మెయిన్ కటాఫ్ 93.10 పర్సంటైల్. ఇది అడ్వాన్స్‌డ్ పరీక్ష రాయడానికి కావలసిన గీత. సీటు వచ్చే గీత కాదు. డాక్టర్ చదువుకు రాసే నీట్‌లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. 2025లో నీట్ రాసిన 22.09 లక్షల మందిలో 12.36 లక్షల మంది క్వాలిఫై అయ్యారు. దేశంలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లు అందులో చాలా చిన్న భాగం. "మావాడు క్వాలిఫై అయిండు" అన్న మాటకూ "మావాడికి సీటొచ్చింది" అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది.

సీటు గీతను క్లోజింగ్ ర్యాంకు అంటారు. ఒక కాలేజీలో, ఒక బ్రాంచీలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో అది. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా ఏటా, ప్రతి రౌండ్‌కూ ఈ ర్యాంకుల్ని బయటపెడుతుంది. ఎవరైనా చూసుకోవచ్చు. క్లోజింగ్ ర్యాంకును ఎవరూ ముందుగా నిర్ణయించరు. ఆ ఏడాది పిల్లలు ఏ బ్రాంచి కోరుకున్నారు, ఎన్ని సీట్లు ఉన్నాయి అన్నదాన్ని బట్టి అది దానంతటదే ఏర్పడుతుంది.

లెక్క కోసం ఒక బ్రాంచి తీసుకుందాం. మూడేళ్లలో క్లోజింగ్ ర్యాంకు 2,900, 3,250, 2,700 దగ్గర ఆగిందనుకోండి. 2,500 ర్యాంకు వచ్చిన పిల్లకు మూడేళ్లలో ఏ ఏడాదైనా సీటు వచ్చేది. 4,500 వచ్చిన పిల్లకు ఏ ఏడాదీ వచ్చేది కాదు. 3,000 వచ్చిన పిల్లకు ఒక ఏడాదే వచ్చేది. ఆ మూడో పిల్లకే చాన్స్ అన్న మాట నిజంగా వర్తిస్తుంది. మొదటి ఇద్దరి విషయం దాదాపు తేలిపోయినట్టే. టెన్షన్ పడే కుటుంబాల్లో చాలామంది నిజానికి మధ్య గీత మీద ఉండరు, అటో ఇటో ఉంటారు. ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయానికి రావడం వల్ల ఆ సంగతి కనిపించదు.

ఒక ర్యాంకు కార్డులో ఎన్ని ర్యాంకులు

కొన్నేళ్ల కింద ఒక తండ్రి జోసా పట్టిక ముద్రించుకుని తెచ్చారు. వాళ్లబ్బాయికి కామన్ ర్యాంకు 18 వేల చిల్లర. ఓబీసీ వరుసలో క్లోజింగ్ ర్యాంకు 5,500 అని ఉంది. "ఇంకేం వస్తది సార్, పదమూడు వేలు తేడా ఉన్నది" అని దిగులుగా అన్నారు. ర్యాంకు కార్డు తెప్పించి చూస్తే రెండో గడిలో ఓబీసీ ర్యాంకు 5,200 అని ఉంది. రిజర్వ్‌డ్ వరుసల్లో ఇచ్చేవి ఆ కేటగిరీ ర్యాంకులు. ఎస్సీ వరుసలో ఎస్సీ ర్యాంకును, ఓబీసీ వరుసలో ఓబీసీ ర్యాంకునే పోల్చాలి. ఆయన రెండు రోజులు పడ్డ బాధంతా పక్క గడి చూడకపోవడం వల్లే.

అసలు చిక్కు దాని వెనక ఉంది. మన రాష్ట్రంలో బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపులున్నాయి. రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో, రాష్ట్ర కాలేజీల్లో అవి చెల్లుతాయి. ఐఐటీ, ఎన్ఐటీ, ఎయిమ్స్ కేంద్ర సంస్థలు. వాటికి కేంద్ర ఓబీసీ జాబితా వేరే ఉంది. రాష్ట్ర జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. వాటిని చేర్చాలని తెలంగాణ ప్రభుత్వం అడుగుతూనే ఉంది. అప్పటిదాకా ఆ ఇంటి బిడ్డ ఎప్‌సెట్‌లో బీసీ, జేఈఈలో జనరల్. కేంద్ర జాబితాలో ఉన్నవాళ్లకు కూడా నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే కావాలి. మీసేవలో ఎప్పుడో తీసుకున్న కులం కాగితం అక్కడ పనికిరాదు.

ఏ రిజర్వేషనూ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ కోటాలో మన వైపు రైతులకు తగిలే దెబ్బ ఒకటుంది. కేంద్ర నిబంధన ప్రకారం కుటుంబానికి 5 ఎకరాలు, ఆపైన వ్యవసాయ భూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా ఈడబ్ల్యూఎస్ కిందికి రారు. కోనసీమలో అయిదెకరాల మాగాణి, నాగర్‌కర్నూలు వైపు ఆరెకరాల చెల్క ఒకటి కాదని ఇక్కడ పొలం చేసిన ఎవరికైనా తెలుసు. వాన పడితే పత్తి, పడకపోతే బీడు. అయినా కాగితం మీద ఆ ఆరెకరాలు ఉన్నోళ్ల కిందే లెక్క. నిబంధన పెట్టినవాళ్ల వాదన కూడా ఉంది. ఆదాయాన్ని తగ్గించి చూపొచ్చు గానీ, భూమి రికార్డులో దాక్కోదు కదా అంటారు. ఆ వాదనలో బలం ఉంది. నీళ్లున్న భూమినీ లేని భూమినీ ఒకే కొలతతో కొలవడం మాత్రం నాకు న్యాయంగా అనిపించదు.

ఆడపిల్లల విషయంలో ఒక మంచి మాట. ఐఐటీ, ఎన్ఐటీల్లో 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు కలుపుతున్నారు. జోసా పట్టికలో అమ్మాయిలకు వేరే వరుసే ఉంటుంది. అమ్మాయిలు ఆ వరుసలోనూ, అందరికీ ఉన్న వరుసలోనూ పోటీ పడొచ్చు. దేవరకొండ నుంచి వచ్చిన ఆయనకు ఈ సంగతి చెప్పగానే ముఖం వెలిగింది.

ఊరు అలంపూర్, ఇంటర్ కర్నూల్లో

ఇప్పుడు అడ్రసు దగ్గరికి వద్దాం.

ఐఐటీలకు రాష్ట్ర కోటా లేదు. కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌కు సంగారెడ్డి పిల్లకూ సూరత్ పిల్లకూ ఒకటే లైన్. బీబీనగర్ ఎయిమ్స్ కూడా అంతే. 2016 దాకా ఆ ఊరు నల్లగొండ జిల్లాలోదే. భువనగిరి నుంచి బస్సెక్కితే నిమిషాల్లో గేటు దగ్గరుంటాం. కానీ అక్కడి ఎంబీబీఎస్ సీట్లన్నీ అఖిల భారత కోటాలోవే. దగ్గరున్నందుకు ఒక్క మార్కూ కలవదు.

ఎన్ఐటీలు అలా కాదు. వాటిల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు, సగం బయటి రాష్ట్రాల వాళ్లకు. వరంగల్ ఎన్ఐటీకి సొంత రాష్ట్రం తెలంగాణ. ఇక్కడ సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్ కార్డు మీది అడ్రసు కాదు, అమ్మానాన్న రేషన్ కార్డు కాదు. పన్నెండో తరగతి, అంటే మనకు ఇంటర్, ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే సొంత రాష్ట్రం.

దీని అర్థం ఏంటో మన సరిహద్దు ఊళ్ల మీద పెట్టి చూస్తే తెలుస్తుంది. అలంపూర్ వాళ్లకు సొంత జిల్లా కేంద్రం గద్వాల కన్నా తుంగభద్ర అవతలి కర్నూలే దగ్గర. కోదాడ, హుజూర్‌నగర్ పిల్లలకు విజయవాడ హాస్టళ్లు అలవాటే. మక్తల్, నారాయణపేట వైపు ఆసుపత్రి పనైనా పెళ్లి బట్టలైనా రాయచూరు పోవడం మామూలు. ఆ దారిలోనే చదువులకూ పోతారు.

అలంపూర్ అమ్మాయి పదో తరగతి దాకా ఊళ్లోనే చదివి, ఇంటర్ కర్నూల్లో చేసిందనుకుందాం. జేఈఈలో ఆ అమ్మాయి సొంత రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అవుతుంది. వరంగల్‌లో బయటి రాష్ట్రాల లైన్లో నిలబడాలి. సొంత రాష్ట్రం లైన్ ఆమెకు తాడేపల్లిగూడెంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ ఎన్ఐటీలో దొరుకుతుంది. అదే నారాయణపేట అబ్బాయి రాయచూరులో పీయూసీ చేస్తే అతనికి సూరత్కల్ ఎన్ఐటీ సొంత రాష్ట్రం కాలేజీ అవుతుంది. సూరత్కల్ పేరున్న కాలేజీయే. కాబట్టి సరిహద్దు దాటితే నష్టమేనని గుడ్డిగా అనలేం. లైన్ మారుతుంది. మారిన లైన్ పొడుగో పొట్టిదో జోసా పట్టికలో సొంత రాష్ట్రం వరుసనూ బయటి రాష్ట్రాల వరుసనూ పక్కపక్కన పెట్టి చూస్తే బ్రాంచిని బట్టి తేలుతుంది. కలగన్నది వరంగల్ అయినప్పుడు మాత్రం, ఆ కలకు ఎదురు దారిలో పోతున్నామని ముందే తెలిసి పోవాలి కదా.

డాక్టర్ చదువులో గీత ఇంకా గట్టిది

ఎంబీబీఎస్‌లో ప్రభుత్వ కాలేజీ సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలినవి రాష్ట్రం చేతిలో ఉంటాయి. 2014 జూన్ 2 తర్వాత మొదలైన కాలేజీల్లో రాష్ట్రం నింపే కన్వీనర్ కోటా సీట్లన్నీ లోకల్ వాళ్లకే అని తెలంగాణ 2023లో నిర్ణయించింది. మన వైపు ప్రభుత్వ కాలేజీలన్నీ ఆ తర్వాత వచ్చినవే. మహబూబ్‌నగర్ 2016లో, నల్లగొండ, సూర్యాపేట 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూలు 2022లో, గద్వాల, నారాయణపేట 2024లో మొదలయ్యాయి. పదేళ్ల కింద ప్రభుత్వ కాలేజీలో డాక్టర్ చదవాలంటే హైదరాబాద్ పోవాల్సిన చోట ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాలో కాలేజీ ఉంది. పాలమూరు పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

మరి లోకల్ అంటే ఎవరు? 2024 జూలైలో వచ్చిన జీఓ 33 మీద గొడవంతా దీని గురించే. తెలంగాణలో వరుసగా నాలుగేళ్లు చదివి, ఇంటర్ ఇక్కడే పాసైన వాళ్లే లోకల్ అని ఆ జీఓ చెప్పింది. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. విజయవాడ, గుంటూరు, కర్నూలులో ఇంటర్ చేసిన తెలంగాణ పిల్లలు ఒక్కసారిగా నాన్ లోకల్ అయ్యారు. వాళ్ల తల్లిదండ్రులు హైకోర్టుకు వెళ్లారు. తెలంగాణలో శాశ్వత నివాసం ఉన్నవాళ్లకు ఈ షరతు వర్తించకూడదని 2024 సెప్టెంబర్‌లో హైకోర్టు అంది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేసు వేసిన పిల్లలకు ఆ ఒక్క ఏడాదికి వెసులుబాటు ఇచ్చింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షాన తీర్పు చెప్పి ఆ నిబంధనను నిలబెట్టింది. ఉద్యోగ రీత్యా రాష్ట్రం బయట పనిచేయాల్సి వచ్చిన కొన్ని వర్గాల ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది.

అలంపూర్ అమ్మాయి దగ్గరికే మళ్లీ వద్దాం. ఆ అమ్మాయి బైపీసీ తీసుకుని కర్నూల్లో చదివితే, తన సొంత జిల్లా గద్వాలలో ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీలో రాష్ట్ర కోటా సీటుకు పోటీ పడలేదు. అటు ఆంధ్రలోనూ రెండేళ్ల చదువుతో నాలుగేళ్ల లెక్క నిండదు. ఆమెకు ప్రధానంగా మిగిలేది దేశమంతా పోటీపడే 15 శాతం కోటా, ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థలు, డబ్బున్నవాళ్లు కొనుక్కునే సీట్లు. మార్కుల్లో ఏ లోటూ లేదు. బస్సు ఎటు దగ్గరైతే అటు ఎక్కింది.

ఈ నిబంధనను సమర్థించేవాళ్ల మాట కొట్టిపారేయలేం. కాలేజీలు రాష్ట్రం డబ్బుతో కట్టారు. ఇక్కడ చదివి పెరిగినవాళ్లు ఇక్కడి పీహెచ్‌సీల్లో పనిచేసే అవకాశం ఎక్కువ. శాశ్వత నివాసం అన్న మాటను ఏ కాగితంతో తేల్చాలో స్పష్టత లేకపోతే, అడ్రసు ఒకచోట రాయించుకుని బయటివాళ్లు సీట్లు ఎగరేసుకుపోయే ప్రమాదం ఉంది. స్కూల్ రికార్డు అయితే నాలుగేళ్లకు అబద్ధం చెప్పడం కష్టం.

వ్యతిరేకించేవాళ్లు చెప్పేది కూడా వినాలి. పదిహేనేళ్ల పిల్ల కాలేజీని తను ఎంచుకోలేదు, అమ్మానాన్న ఎంచారు. మంచి కాలేజీ పక్క రాష్ట్రంలో ఉండటం ఆ పిల్ల తప్పు కాదు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబాన్ని రెండేళ్ల హాస్టల్ కారణంగా బయటివాళ్లనడం మనసుకు కష్టంగానే ఉంటుంది. సరిహద్దు ఊళ్ల వాళ్లకైతే అది సరదా కోసం పోయింది కూడా కాదు.

నా మటుకు నాకు నాలుగేళ్ల గీత ఉండటం సబబే అనిపిస్తుంది. పదో తరగతి మెమోతో పాటు ఈ ఒక్క ముక్క ప్రతి ఇంటికీ చేరకపోవడమే నన్ను బాధపెడుతుంది. మెమో వచ్చిన వారానికే అడ్మిషన్లు తిరిగే పీఆర్వోలు ఇంటి ముందుంటారు. వాళ్లు ఫీజు చెప్తారు, రాయితీ చెప్తారు, బస్సు రూటు చెప్తారు. లోకల్ సంగతి చెప్పగా నేను వినలేదు.

ఇంజనీరింగ్‌కు ఎప్‌సెట్ లెక్క వేరు. అక్కడ కన్వీనర్ కోటాలో 85 శాతం లోకల్. మిగిలిన 15 శాతం అన్ రిజర్వ్‌డ్ సీట్లకు విభజన తర్వాత పదేళ్లు ఆంధ్ర పిల్లలు కూడా పోటీ పడేవాళ్లు. 2025 నుంచి ఆ వాటాను కూడా తెలంగాణతో సంబంధం ఉన్నవాళ్లకే పరిమితం చేశారు. మెడికల్ జీఓను తీసుకొచ్చి ఇంజనీరింగ్‌కు అతికించి మాట్లాడటం వల్ల ఎంత గందరగోళం అవుతోందో ఊళ్లో ఏ హోటల్లో కూర్చున్నా వినిపిస్తుంది. రెండూ వేర్వేరు నిబంధనలు.

గడియారం సెంటర్ హోర్డింగుల లెక్క

నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడితే పిల్లల ఫొటోలతో హోర్డింగులు కనిపిస్తాయి. మహబూబ్‌నగర్‌లోనూ అంతే. ఫలానా కాలేజీకి 200 ఐఐటీ సీట్లు అని ఉంటుంది. ఎంతమంది చదివితే 200 అన్నది ఉండదు. పదివేల మంది చదివి 200 వస్తే వందకు ఇద్దరు. పక్కన ఒక చిన్న గురుకులంలో 60 మంది చదివి 6 వస్తే వందకు పదిమంది. హోర్డింగు మీద మాత్రం ఆరు కన్నా రెండొందలే పెద్దగా కనిపిస్తుంది.

అలాగని ఆ గురుకులంలో చేరితే మీ పిల్లకు పది శాతం చాన్సు వచ్చేసిందనీ కాదు. అది ప్రవేశ పరీక్ష పెట్టి ముందే ఏరుకున్న పిల్లలతో నడుస్తుండొచ్చు. పెద్ద కాలేజీల్లోనూ ఫొటోల్లో ఉన్న పిల్లల్లో చాలామంది మొదటి రోజు నుంచే స్పెషల్ బ్యాచ్‌లో ఉన్నవాళ్లే. మామూలు సెక్షన్లో ఫీజు కట్టి చేరిన పిల్లకు ఆ ఫొటోల లెక్క వర్తించదు. పోస్టర్ మీది అంకె కాలేజీది. మీ పిల్ల కూర్చునే సెక్షన్ అంకె వేరు.

గ్రాండ్ టెస్టుల్లో గుర్తుండేది ఒక్కటే

ఇంటర్ రెండో ఏడు వచ్చాక చాన్సు అంచనాకు అసలైన ఆధారం పిల్లలు రాసే గ్రాండ్ టెస్టులు. ఒక పిల్లకు వరుసగా 138, 152, 121, 160, 144 వచ్చాయనుకోండి. సగటు 143. కానీ ఇంట్లో అందరికీ గుర్తుండేది 160. చుట్టాలకు చెప్పేదీ అదే. పరీక్ష రోజు 121 వచ్చినా 160 వచ్చినా ఆ పిల్ల మారినట్టు కాదు. తన మామూలు హెచ్చుతగ్గులే అవి. 121కి ఎక్కడ సీటొస్తుంది, 160కి ఎక్కడ వస్తుంది అని రెండు కొసలూ చూసిపెట్టుకున్న ఇంట్లో ఫలితాల రోజు ఏడుపు తక్కువ.

ఇక్కడే ఇంకో పొరపాటు దొర్లుతుంది. పది కాలేజీలకు ఆప్షన్ పెడితే పదిరెట్లు చాన్సు అనుకుంటారు. పది లాటరీ టికెట్లు కొన్నట్టు కాదది. ర్యాంకు ఒకటే. 20,000 ర్యాంకు వచ్చిన పిల్ల 3,000 దగ్గర ముగిసే పది బ్రాంచీలు రాసినా ఫలితం అదే. పది రకాల ఎత్తుల్లో ఉన్నవి రాసినప్పుడే ఉపయోగం. ఎత్తైన కాలేజీ పేరు మొదట రాస్తే కిందిది కూడా పోతుందేమో అన్న భయం మాత్రం వద్దు. జోసా పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు దొరికే మొదటి ఆప్షన్‌ను ఇస్తుంది. వరంగల్‌ను మొదటి వరుసలో రాసినందుకు పదో వరుసలో ఉన్న కాలేజీ పోదు.

పరీక్షల మీదే ధ్యాస పెట్టి ఇంటర్ మార్కుల్ని వదిలేసేవాళ్లు కూడా ఉంటారు. ఐఐటీ, ఎన్ఐటీ సీటు చేతికి రావాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో చోటు ఉండాలి. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లే, రెండుసార్లే రాయగలరు. ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ రాసే లాంగ్ టర్మ్ ఆలోచన చేసేవాళ్లు ఈ గడువును కూడా కలుపుకునే చూడాలి.

మళ్లీ ఆ రెండు పాంప్లెట్ల దగ్గరికి

ఇదంతా చెప్పేసరికి మధ్యాహ్నం అయింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. విజయవాడ పాంప్లెట్ తీసుకుని ఫీజు దగ్గర వేలు పెట్టారు. "ఏడాదికి పదిహేను వేలు తక్కువ సార్ ఇక్కడ" అన్నారు. ఆ పదిహేను వేలు ఆ ఇంటికి ఎంత బరువో నాకు తెలుసు. తేలిగ్గా తీసిపారేసే మాట కాదది. అందుకే అలా చేయండి, ఇలా చేయండి అని నేను అనలేదు. పదిహేను వేలకు ఎదురుగా ఏం పోతోందో మాత్రం కాగితం మీద రాసిచ్చాను. ఎంపీసీ అయితే వరంగల్‌లో సొంత రాష్ట్రం లైన్. బైపీసీ అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీలతో సహా రాష్ట్ర కోటాలో లోకల్ సీట్లన్నీ.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మాయి మొదటిసారి మాట్లాడింది. "నాలుగేండ్లంటే తొమ్మిది నుంచా సార్?"

అవునన్నాను. ఆ అమ్మాయి బొటనవేలితో వేళ్ల గణుపులు లెక్కపెట్టింది. తొమ్మిది, పది. రెండు వేళ్లు ముడిచి, మిగిలిన రెండింటి వైపు చూస్తూ నిలబడింది. వాళ్ల నాన్న హైదరాబాద్ పాంప్లెట్ తిప్పి, వెనకాల ఫోన్ నంబర్ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు.